క్లారీ పాస్కోకి కంచు పలక

పెళ్ళయిన పదిహేడేళ్ళలో డల్సీ పాస్కో మొగుణ్ణి కొట్టింది ఒక్కసారే. మొగుడు తనని ఎన్నిసార్లు కొట్టాడో ఆవిడ ఎప్పుడూ ఎంచుకోలేదు. బిర్రాలీలో అలా ఎంచుకునే ఆడది ఎవరూ లేరు. ఊరు గుర్తుపెట్టుకున్నది మాత్రం ఆ ఒక్క దెబ్బనే.

అది ఇస్త్రీ పెట్టెతో కొట్టిన దెబ్బ. 1957 ఫిబ్రవరి, అక్కడ నడి ఎండాకాలం, ఆదివారం మధ్యాహ్నం. రేకుల కప్పు కింద ఇల్లు కొలిమిలా ఉంది. పొయ్యి లోపల మటన్ వేగుతోంది, పొయ్యి మీద రెండు ఇస్త్రీ పెట్టెలు కాగుతున్నాయి. క్లారీ వంటింటి కుర్చీలో కూర్చునే కునుకు తీస్తున్నాడు. పదహారేళ్ళ కూతురు గ్వెన్ ఆ నెలే టెలిఫోన్ ఆఫీసులో చేరింది. ఆ హుషారులో వెనకనించి వచ్చి, "నాన్నా, లే, భోజనం" అంటూ తండ్రి నడుం చుట్టూ చేతులేసింది. ఆ ఇంట్లో ఎవరూ చేయకూడని పని అది. పెద్ద ఉద్యోగం వచ్చిందన్న సంబరంలో మర్చిపోయింది.

మరుక్షణం గ్వెన్ గోడకి అతుక్కుని ఉంది. క్లారీ రెండు చేతులూ దాని గొంతు మీద ఉన్నాయి. కాళ్ళు నేలకి జానెడు ఎత్తున కొట్టుకుంటున్నాయి. డల్సీ మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది. మళ్ళీ పిలిచింది. మూడోసారి పిలవలేదు. పొయ్యి మీది ఇస్త్రీ పెట్టె తీసి చెవి వెనకాల కొట్టింది.

జుట్టు కాలిన కంపు, నెత్తురు. క్లారీ నేల మీద కూలబడి, బుర్ర తడుముకుని, చేతిని చూసుకున్నాడు.

"ఎవరు కొట్టారు?"

"నేనే."

"మంచి పని చేశావ్" అన్నాడు. కాసేపు పోయాక, "గ్రేవీ మాడుతోంది చూడు" అన్నాడు.

డాక్టరు ఏడు కుట్లు వేశాడు. నాలుగు రోజులకి క్లారీ మళ్ళీ కబేళాకి పనికి పోయాడు. తొమ్మిదో రోజున చచ్చిపోయాడు.

ఆ చావు ఎలా జరిగిందో చూసినవాడు స్టాన్ హాకింగ్. పదేళ్ళుగా క్లారీ పక్కనే నిలబడి పశువుల్ని కోసేవాడు. కబేళా దొడ్లో ఒకే ఒక నియమం ఉంది: ఎద్దు తప్పించుకుంటే ప్రతివాడూ కంచె ఎక్కాలి. వీరత్వాలు అక్కడ పనికిరావు. ఆ రోజు ఎర్ర ఎద్దు ఒకటి తాడు తెంపుకుంది. అందరితోపాటు క్లారీ కూడా కంచె మీదే ఉన్నాడు. కిందున్నది కొత్తగా చేరిన ఒక ఇటలీవాడు. వాడు కూడా అవతలి కంచె పట్టేసుకున్నాడు, ఇంకో అడుగు వేస్తే గట్టెక్కినట్టే. అప్పుడు క్లారీ కత్తితో కిందికి దూకాడు. "వాలీ, పడుకో! వాలీ, కింద పడుకో!" అని అరుస్తూ ఎద్దుకి ఎదురుగా పరిగెత్తాడు. ఎద్దు అతణ్ణి పొట్టలో పొడిచి, ఎత్తి, కంచెకేసి కొట్టింది. వెనక్కి తగ్గి మళ్ళీ కొట్టింది. తుపాకి తెచ్చేలోపు నాలుగుసార్లు కొట్టింది. ఎద్దు మెడలో కత్తి పిడిదాకా దిగి ఉంది. ఆ దొడ్లో వాలీ అనేవాడెవడూ లేడు. ఇటలీవాడి పేరు కార్మెలో.

స్మశానంలో క్లారీ తల్లి, మిసెస్ పాస్కో, అందరి ముందూ డల్సీని చెంప మీద కొట్టింది. ఇద్దరూ మిసెస్ పాస్కోలే కావడం, డల్సీ అత్తగారిని పదిహేడేళ్ళూ ఆ పేరుతోనే పిలవడం ఊళ్ళో పాత జోకు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

"తల పగలగొట్టి పనికి పంపావు" అంది ముసలావిడ. "కళ్ళు తిరిగి పడ్డాడు నా కొడుకు. నువ్వు చంపి ఎద్దు పేరు చెప్తున్నావ్."

వారంలో ఊరంతా అదే మాట. రొట్టెల కొట్లోనూ, చర్చి మెట్ల మీదా, ఆఖరికి టెలిఫోన్ ఆఫీసులో గ్వెన్ చెవిలోనూ అదే: ఇస్త్రీ పెట్టె.

బిర్రాలీ స్మశానం ఊరి చివర ఎర్ర ఇసకలో ఉంటుంది. యుద్ధంలో చచ్చినవాళ్ళు అక్కడ లేరు, వాళ్ళు ఎక్కడ పడ్డారో అక్కడే ఉండిపోయారు. ఇక్కడున్నది తిరిగొచ్చి, తర్వాత తీరిగ్గా చచ్చినవాళ్ళు. వాళ్ళలో కొందరికి ప్రభుత్వం కంచు పలక వేయిస్తుంది. పేరు, సైన్యం నంబరు, పటాలం, పోయిన తేదీ, వయసు. అందరికీ కాదు. చావు యుద్ధం వల్లే వచ్చిందని ఆఫీసు ఒప్పుకుంటేనే. ఊపిరితిత్తులు కుళ్ళినా సరే, పాత తూటా కదిలినా సరే, కాగితం మీద యుద్ధానికీ చావుకీ దారం కట్టి చూపించాలి. యుద్ధంలో పోయినవాళ్ళని తలుచుకునే ఏప్రిల్ 25 పొద్దున మాజీ సైనికుల క్లబ్బువాళ్ళు వరసల్లో నడుస్తూ పలక ఉన్న ప్రతి సమాధి మీదా జ్ఞాపకానికి గుర్తుగా రోజ్‌మేరీ రెమ్మ పెడతారు. లేనివాటి పక్కనించి నడిచిపోతారు. క్లారీ తండ్రి ఫ్రాన్సులో గ్యాసు పీల్చి వచ్చి 1931లో పోయాడు. ఆయనకి ఉంది. ముసలావిడ ప్రతి ఆదివారం దాన్ని తోమి మెరిపిస్తుంది. అక్కడికి ఆరు వరసల అవతల క్లారీకి ఉన్నది 212 అని నంబరు వేసిన ఇనప మేకు. ఆ ఏప్రిల్లో క్లబ్బు కార్యదర్శి నోయెల్ బ్రాకెన్ రెమ్మల బుట్ట పట్టుకుని ఆ మేకు పక్కనించి నడిచిపోయాడు. క్లారీతో ఒకే దళంలో ఉండి, ఒకే రైల్లో తిరిగొచ్చిన నోయెల్.

డల్సీ ఆ రోజే నిశ్చయించుకుంది. ఆవిడకి కంచు మీద మోజు లేదు, వీరుడి భార్యననిపించుకోవాలనీ లేదు. క్లారీని చంపిందెవరన్నది ప్రభుత్వం చేత లోహంలో పోత పోయించాలి, అంతే. పలక వస్తే యుద్ధం చంపినట్టు. రాకపోతే తను చంపినట్టు, తన కూతురు హంతకురాలి కూతురు అయినట్టు.

ఆవిడ పెట్టిన అర్జీకి సెప్టెంబరులో జవాబు వచ్చింది. కుదరదట. చావు పని దగ్గర జరిగిన ప్రమాదం వల్ల వచ్చింది, యుద్ధానికి సంబంధం లేదు. దానికి తోడు, 1945లో సైన్యం వదిలేటప్పుడు క్లారీ నింపిన ఫారం నకలు జతచేశారు. 'యుద్ధం వల్ల మీకు కలిగిన జబ్బులు, గాయాలు, ఇబ్బందులు' అన్న చోట క్లారీ చేతిరాత: ఏమీ లేదు.

ఆ మాట రాయని మగాడు ఆ జిల్లాలో లేడు. జబ్బుందని రాస్తే డాక్టర్లు మెల్‌బోర్న్‌లో ఇంకో ఆరు వారాలు కూర్చోబెడతారు. ఇంటి దగ్గర గోధుమలు కోతకొచ్చాయి, సాయంత్రం రైలుంది. అందుకని మలేరియాతో వణుకుతున్నవాడు ఏమీ లేదు, చెవి పోయినవాడు ఏమీ లేదు. ఒంటి కాలు ఆర్చీ కూడా అదే రాయబోతే డాక్టరు కిందికి చూసి ఫారం లాక్కున్నాడని చెప్పుకుని ఇప్పటికీ నవ్వుకుంటారు. రైలు అందింది. ఆ రైల్లో ఏమేం ఎక్కి వచ్చాయో మాత్రం ఏ ఫారంలోనూ లేదు.

క్లారీ యుద్ధానికి ముందు వెన్నముద్ద అని చెప్పడం ఇప్పుడు ఊళ్ళో ఆనవాయితీ. శుద్ధ అబద్ధం. ఫుట్‌బాల్ మైదానంలో ఇద్దరి ముక్కులు పగలగొట్టాడు, మామగారిని ఒకసారి గుర్రాల తొట్టిలో ముంచాడు. కానీ డల్సీ మీద చెయ్యి వేయలేదు. వచ్చాక వేశాడు. మటన్ చాప్స్ మాడాయని, నిద్రలేకుండానే తెల్లారిందని, పూర్తి మెలకువతో, చుక్క తాగకుండా కొట్టిన రోజులున్నాయి. వాటికి యుద్ధాన్ని అడ్డుపెట్టడం డల్సీకే నచ్చదు. కలలో లేచి కొట్టినవి వేరు. ఆ కలల గురించి ఆవిడ మొదట్లో చర్చి ఫాదరుని అడిగింది. ఆయన కళ్ళు మూసుకుని, "గుండెలకి హత్తుకో అమ్మా. ప్రేమతో గట్టిగా పట్టుకో" అన్నాడు. పట్టుకుంది. నాలుగు పళ్ళు పోయాయి. మరోసారి పట్టుకుంది. మిగతావి పోయాయి. ఆ తర్వాత నడుం మీద చెయ్యి పడకూడదన్న నియమం పెట్టుకుంది. ఫాదరు సలహాల మీద అప్పటినించీ ఆశ వదులుకుంది.

నడుం పట్టుకుంటే పిచ్చెత్తుతుంది. చచ్చేముందు వాలీ అని అరిచాడు. ఈ రెంటికీ మధ్య ఏదో ఉందని అర్థం చేసుకోవడానికి చదువక్కర్లేదు. అది తెలిసినవాడు ఊళ్ళో ఒకడే ఉన్నాడు.

నవంబరు శుక్రవారం. సారాయి కొట్లు ఆరింటికి మూయాలని చట్టం. అందుకని అయిదింటికి పని దిగిన మగాళ్ళంతా గంటలో పీపా ఖాళీ చేయాలని భుజాలతో కుమ్ముకుంటూ తాగుతారు. ఆడవాళ్ళు ఆ గదిలోకి రారు. ఆరుకి ఇరవై నిమిషాల ముందు డల్సీ వచ్చింది.

"అమ్మా, లేడీస్ గది అటుపక్క" అన్నాడు బార్‌లో పోసేవాడు.

"తెలుసు."

"చేతులు చూడండ్రా, ఇస్త్రీ పెట్టె తెచ్చిందేమో!" ఉన్ని గోదాములో పనిచేసే లావుపాటివాడొకడు అరిచాడు. గది గొల్లుమంది.

డల్సీ తోసుకుంటూ నోయెల్ దాకా వెళ్ళింది. నోట్లోంచి కట్టుడు పళ్ళు, పైవరసా కిందవరసా తీసి, నోయెల్ బీరు గ్లాసులో జారవిడిచింది. అవి నురగలోంచి మునిగి అడుక్కి చేరాయి. గదిలో నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"నీ దోస్తు కానుక నోయెల్, ఎత్తి చూడు" అంది. పళ్ళు లేని నోట్లోంచి మాట ఈలలా వచ్చింది. "వాలీ ఎవడు?"

నోయెల్ గ్లాసుని పక్కకి జరిపాడు. "ఇక్కడ కాదు డల్సీ."

"మరెక్కడ? స్మశానంలోనా? అక్కడైతే నువ్వు ఆగవుగా, నడిచిపోతావ్."

లావుపాటివాడు మళ్ళీ ఏదో కూశాడు. నోయెల్ వెనక్కి తిరిగి వాడి నోటిమీద గుద్దాడు. వాడు రెండు బల్లలు పడదోసుకుంటూ పడ్డాడు, లేచి నోయెల్ మీద పడ్డాడు. గ్లాసులు పగిలాయి. గంట మోగేసరికి నోయెల్ కనుబొమ చీలింది, వాడి ముక్కు పక్కకి తిరిగింది. బారువాడు ఇద్దర్నీ మెడపట్టి బయటికి తోశాడు. పళ్ళ గ్లాసు మాత్రం జాగ్రత్తగా తెచ్చి డల్సీ చేతికిచ్చాడు.

ఎండ ఇంకా ఉంది. నోయెల్ అరుగు అంచున కూర్చుని, నెత్తురు తుడుచుకుంటూ, రోడ్డుకేసి చూస్తూ చెప్పాడు.

న్యూగినీలో ఒక వాగు. కింద వాగులో వాలీ జ్యూక్స్ తొడలో తూటాతో పడున్నాడు. గట్టు మీద గడ్డిలో క్లారీ, నోయెల్. అవతలినించి జపానువాళ్ళు ఆరుగురు దిగారు. వీళ్ళ దగ్గర తూటాలు లేవు. క్లారీ దూకబోయాడు. నోయెల్ వెనకనించి నడుం చుట్టి బెల్టు పట్టుకున్నాడు, ఇంకో చేత్తో నోరు మూశాడు. కింద వాళ్ళు వాలీని బాయ్‌నెట్లతో పొడిచారు. తొందరపడకుండా పొడిచారు. వాలీ పైకి చూస్తూనే ఉన్నాడు, గట్టు మీద వీళ్ళున్నారని వాడికి తెలుసు.

"ఎంతసేపు?" అంది డల్సీ.

"నా చెయ్యి చూడు." నోయెల్ ఎడమ అరచెయ్యి తిప్పాడు. బొటనవేలి కింద అర్ధచంద్రంలా పాత మచ్చ. "క్లారీ పళ్ళు. ఎముక దాకా దిగాయి. అంతసేపు."

డల్సీ గ్లాసులోంచి పళ్ళు తీసి, బీరు రోడ్డు మీద పారబోసింది.

"ఫారం దగ్గర కూడా వాడి వెనక నేనే ఉన్నా. వాడు కలం పట్టుకుని బెల్లం కొట్టిన రాయిలా నిలబడిపోయాడు. 'రాయరా, ఏమీ లేదని రాయి, రైలు పోతుంది' అన్నాను. రాశాడు."

"నేను అప్పీలు పెట్టాను. ఇదంతా మిల్డూరాలో విచారణకి వచ్చి చెప్పు."

"చెప్తే నేనేమైపోతాను? వాలీ తల్లి హార్షంలో ఉంది. ఏటా క్రిస్మస్‌కి నాకు కార్డు పంపుతుంది. వాడు తూటా తగలగానే పోయాడని రాశాన్నేను ఆవిడకి."

"నువ్వు ఒక్కరోజు పట్టుకున్నావ్ నోయెల్" అంది డల్సీ. "ఆ మనిషిని పన్నెండేళ్ళు నేను పట్టుకున్నాను. ఎందుకు కొడుతున్నాడో తెలీకుండా పట్టుకున్నాను. నీకు తెలుసు. వారానికి రెండుసార్లు మా ఇంట్లో టీ తాగుతూ, నా మొహం చూస్తూ, నోరు మూసుక్కూచున్నావ్. హార్షం ముసలమ్మకి నువ్వేం చెప్పుకుంటావో నీ ఇష్టం." పళ్ళని గౌను అంచుతో తుడిచి నోట్లో పెట్టుకుంది. "మార్చి పదకొండు. పదిగంటలకి."

మిల్డూరా కోర్టు గదిలో ముగ్గురు పెద్దమనుషులు. డల్సీ తన ఒంటి మీది దెబ్బల్ని ఊడిన పళ్ళ దగ్గర మొదలుపెట్టి విరిగిన మణికట్టు దాకా, ఏది కలలోదో ఏది మెలకువలోదో విడదీసి చెప్పింది. మధ్యలో పెద్దాయన, "అమ్మాయి ముందు ఇవన్నీ అక్కర్లేదేమో" అన్నాడు. గ్వెన్ లేచి, "నాకు తెలీనివి కావండి, ఆ ఇంట్లో నేనూ ఉన్నాను" అని కూర్చుంది.

"మీ భర్త మంచివాడేనంటారా?" అని అడిగాడు రెండో ఆయన. దయగానే అడిగాడు.

"కాదండి. ముందూ అంత మంచివాడేం కాదు. మీ ఫారంలో ఉన్నది యుద్ధం గురించా, మంచితనం గురించా?"

ఆయన తలవంచుకుని ఏదో రాసుకున్నాడు. స్టాన్ హాకింగ్ ఎద్దు గురించి చెప్పాడు. డాక్టరు కుట్లు మానాయనీ, కళ్ళు తిరిగే గాయం కాదనీ రాసిచ్చాడు. పదకొండున్నర దాటింది. నోయెల్ రాలేదు. పెద్దమనుషులు కాగితాలు సర్దుకుంటుంటే తలుపు తెరుచుకుంది. పతకాలు లేవు, టోపీ లేదు. మొహం చూస్తే నిద్రపోయినట్టు లేదు.

"హార్షం నించి వస్తున్నాను" అన్నాడు. ఎవర్నీ చూడకుండా డల్సీ వైపు తిరిగి, "చెప్పాను ఆవిడకి. కార్డుల కట్ట నా మొహాన కొట్టింది" అన్నాడు. తర్వాత నిలబడే, వాగు దగ్గర మొదలుపెట్టి రైలు దాకా చెప్పాడు. మచ్చ చూపించమని ఎవరూ అడగలేదు. అయినా చూపించాడు.

మేలో ఉత్తరం వచ్చింది: మరణం యుద్ధ సేవ వల్ల కలిగినదిగా అంగీకరించడమైనది. దాంతోపాటు ఇంకో ఫారం. పలక అడుగున కుటుంబంవాళ్ళు ఒక వాక్యం వేయించుకోవచ్చట. నమూనాకి పది వాక్యాలు ఇచ్చారు. గ్వెన్ చాప్స్ తింటూ పైకి చదివింది.

"'మళ్ళీ కలుసుకునేదాకా.'"

"దేవుడు రక్షించుగాక" అంది డల్సీ.

తల్లీకూతుళ్ళు కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ గ్వెన్ చెయ్యి గొంతు మీదికి పోయింది, అక్కడే కాసేపు ఉండిపోయింది. వాక్యం చోటు ఖాళీగా వదిలి ఫారం పంపేశారు.

ఆగస్టులో ఇనప మేకు పీకేసి, సిమెంటు దిమ్మ మీద కంచు పలక బిగించారు. మరుసటి ఆదివారం డల్సీ వెళ్ళేసరికి ముసలావిడ అక్కడ నిలబడి ఉంది. ఒక చేతిలో మొగుడి పలక తోమిన గుడ్డ, చంకలో పాలిష్ డబ్బా. కొడుకు పేరుని వేలితో ఒక్కో అక్షరం తడుముతోంది.

"అయితే యుద్ధమే చంపిందన్నమాట" అంది, తల తిప్పకుండా.

"గవర్నమెంటు అలాగే రాసింది."

"నువ్వు కాదు."

"నేను కాదు" అంది డల్సీ. ఆ మాట అనిపించుకోవడానికే ఏడాదిన్నర తిరిగింది. అక్కడితో ఊరుకుని ఇంటికి పోవచ్చు. పోలేదు. "కానీ మిసెస్ పాస్కో, కొట్టింది మాత్రం నేనే. గ్వెన్ మెడ మీద ఆ చేతులు మళ్ళీ పడితే మళ్ళీ కొడతాను."

చెంపదెబ్బ వస్తుందనుకుని డల్సీ కాళ్ళు నిలదొక్కుకుంది. రాలేదు. ముసలావిడ ఆరు వరసల అవతల మెరుస్తున్న మొగుడి పలక కేసి చాలాసేపు చూసింది. కుడిచేతి చూపుడువేలు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్నది. దాన్ని ఎడమచేత్తో రుద్దుకుంది.

"ఎంత బరువుంటుంది ఆ ఇస్త్రీ పెట్టె?" అంది.

"ఆరు పౌన్లు."

"మా ఇంట్లోనూ అంతే ఉండేది" అంది ముసలావిడ. "నేనే ఎత్తలేకపోయాను." గుడ్డ రెండుగా చింపి ఒక ముక్క డల్సీకి ఇచ్చింది.